తరగతి గదిలో తెర: మన పిల్లలకు అందుతున్నదెంత?

(ప్రభుత్వ ఉర్దూ, తెలుగు మాధ్యమ పాఠశాలల విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను విద్యావేత్తను కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నా జీవితమంతా రిజిస్టర్లతో, ఫైళ్లతో, అర్జీలతో గడిచింది. అందుచేత తరగతి గదిలో సాంకేతిక పరిజ్ఞానం అనే ఈ విషయాన్ని ఒక గుమస్తా కంటితోనే మీ ముందుంచుతాను. గుమస్తాకు ఒక అలవాటు ఉంటుంది. ఏ వస్తువు పేరు విన్నా మూడు ప్రశ్నలు వేస్తాడు. మంజూరైందా? చేరిందా? వినియోగంలో ఉందా? మొదటి రెండింటికీ కాగితం మీద జవాబు దొరుకుతుంది. మూడో ప్రశ్నకు జవాబు తరగతి గదిలోనే దొరుకుతుంది. మన పిల్లల భవిష్యత్తు ఆ మూడో ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

ముందుగా మన స్థితిని గుర్తు చేసుకుందాం. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక మన సముదాయం విద్యాస్థితిని దేశం ముందు ఉంచింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ సగటు అక్షరాస్యత 65.1 శాతం ఉండగా ముస్లింలలో అది 59.1 శాతమే. 6 నుంచి 14 ఏళ్ల వయసున్న ముస్లిం పిల్లల్లో నలుగురికి ఒకరు బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానేశారని ఆ నివేదిక చెప్పింది. మన పిల్లలందరూ మదరసాలకే పోతారన్న ప్రచారాన్ని కూడా అదే నివేదిక అంకెలతో తోసిపుచ్చింది. బడి ఈడు పిల్లల్లో మదరసాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమేనని తేల్చింది. దీని అర్థం స్పష్టం. మన పిల్లల భాగ్యం ప్రధానంగా సాధారణ పాఠశాలలతో, అందులోనూ పేద కుటుంబాలకు దిక్కైన ప్రభుత్వ పాఠశాలలతో ముడిపడి ఉంది. కాబట్టి ఆ పాఠశాలల్లోకి వచ్చే ప్రతి కొత్త సాధనం మనకు సంబంధించిన విషయమే.

సాధనాలు రాలేదని ఎవరూ అనలేరు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ముద్రించి, దాని ద్వారా పాఠాలు చూసే దీక్షా వేదిక 2017లోనే ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు–నేడు కార్యక్రమం కింద తర్వాతి దశలో ఉన్నత తరగతులకు పెద్ద డిజిటల్ తెరలు, ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు అమర్చారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంపిణీ చేశారు. తెలంగాణలో కరోనా కాలంలో దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ ఛానెళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. ఇవన్నీ ప్రజాధనంతో జరిగిన పనులు. ఏ పార్టీ చేసినా అవి మన పిల్లల హక్కు కింద వచ్చినవే తప్ప ఎవరి దయ వల్లనో వచ్చినవి కావు.

అయితే సాధనం చేరడం, చదువు చేరడం ఒకటి కాదు. దీనికి ప్రపంచానుభవం ఉంది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పేద పిల్లలకు ఎనిమిది లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వెలువడిన పరిశీలన ఏం తేల్చిందంటే, పిల్లలకు కంప్యూటరు వాడటం వచ్చింది గాని లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన దాఖలా లేదు. ఇక మన దేశంలోనే ఢిల్లీలో జరిగిన మరో ప్రయోగం చూడండి. మైండ్‌స్పార్క్ అనే కంప్యూటరు పాఠాల పద్ధతిలో బడి తర్వాత పిల్లలను చదివించారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ గణనీయమైన ప్రగతి కనిపించిందని 2019లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. రెండుచోట్లా ఉన్నది కంప్యూటరే. తేడా ఎక్కడుంది? ఢిల్లీలో ఆ యంత్రం ముందు పిల్లవాడి స్థాయిని కనిపెట్టింది. ఏడో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి లెక్కలే రాకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టింది. పక్కనే చూసుకునే మనిషి కూడా ఉన్నాడు. పెరూలో ఎక్కువ భాగం యంత్రాన్ని చేతికిచ్చి వదిలేశారు.

ఇది మనకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. మన బస్తీల పిల్లలు తరచుగా బడి మారుతుంటారు. తండ్రి పని కోసం ఊరు మారితే బడి మారుతుంది. ఉర్దూ మాధ్యమంలో ఐదు దాకా చదివి, దగ్గరలో ఉన్నత పాఠశాల లేక తెలుగు మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చేరతారు. అక్కడ పాఠం అర్థం కాక వెనుక బెంచీలో మౌనంగా కూర్చుంటారు. నలభై మంది ఉన్న గదిలో ఆ మౌనాన్ని కనిపెట్టడం ఉపాధ్యాయునికి కష్టం. సాంకేతికత వల్ల కలిగే అసలు మేలు ఈ మౌనాన్ని ఛేదించడంలోనే ఉంది.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ప్లికర్స్ అనే పద్ధతి ఒకటుంది. దానికి పిల్లల దగ్గర ఫోన్లు అక్కరలేదు. ఉపాధ్యాయుని దగ్గర ఒక్క ఫోను చాలు. ప్రతి పిల్లవాడికి నల్లని ఆకారం ముద్రించిన ఒక కాగితం ముక్క ఇస్తారు. ఉపాధ్యాయురాలు బోర్డు మీద ప్రశ్న వేసి నాలుగు జవాబులు చూపుతుంది. పిల్లవాడు తనకు తోచిన జవాబుకు తగినట్టు ఆ కాగితాన్ని తిప్పి పైకెత్తుతాడు. టీచరు ఫోను కెమెరాను తరగతి వైపు తిప్పగానే ఎవరు ఏ జవాబు ఇచ్చారో తెరపై కనిపిస్తుంది. పక్కవాడికి మాత్రం అది తెలియదు. భాష సరిగా రానివాడు, నవ్వుతారేమోనని భయపడేవాడు, నోరు తెరవని ఆడపిల్ల అందరూ ఒకేసారి జవాబు చెబుతారు. సగం మంది తప్పు చెప్పారంటే పాఠం మళ్లీ చెప్పవలసి ఉందని టీచరుకు అప్పటికప్పుడే తెలుస్తుంది. ఇంతకన్నా చవకైన సాధికారత ఏముంది?

అలాగే జామెట్రీ బోధనకు జియోజీబ్రా, ఆకాశాన్ని చూపే స్టెల్లేరియం వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తాయి. త్రిభుజం మూలను పిల్లవాడే లాగి, ఎంత లాగినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలే ఉండటం చూస్తే ఆ సూత్రాన్ని ఇక మరచిపోడు. నెలవంక ఎందుకు రోజురోజుకూ పెరుగుతుందో తెర మీద కదిలించి చూపిస్తే, రంజాను నెలలో మేడ మీదికెక్కి చంద్రుణ్ణి వెదికే పిల్లవాడికి ఆ పాఠం తనదే అవుతుంది. ఇక్కడ ఒక్క మాట గమనించండి. తెరను టీచరు మాత్రమే ముట్టుకుంటే అది సినిమా. పిల్లవాడు ముట్టుకుంటే అది చదువు.

ఈ సూత్రాన్ని పెద్ద ఎత్తున అమలు చేసిన రాష్ట్రం కేరళ. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలుపెట్టి, తర్వాత దాన్ని కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మార్చారు. 8 నుంచి 12 తరగతుల వరకు 45 వేల తరగతి గదులను హైటెక్ గదులుగా తీర్చిదిద్దారు. ఎవరికీ లైసెన్సు రుసుము కట్టనక్కరలేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే వాడారు. ఉపాధ్యాయులకు శిక్షణ ముందు, యంత్రం తర్వాత. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో విద్యార్థుల క్లబ్బులు పెట్టారు. యానిమేషన్ చేయడం, ప్రోగ్రాం రాయడం, మలయాళంలో టైపు చేయడం, బడిలోని పరికరాలను చూసుకోవడం పిల్లలకే నేర్పారు. యంత్రం చెడితే పై అధికారికి ఉత్తరం రాసి ఎదురుచూసే ముందు, అది ఎందుకు చెడిందో చూడగల పిల్లలు బడిలోనే ఉంటారు. సాధికారత అంటే నా దృష్టిలో ఇది.

కాని అదే కేరళలో, ముస్లింలు అధికంగా నివసించే మలప్పురం జిల్లాలో, 2020 జూన్ 1న ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజునే తొమ్మిదో తరగతి చదివే ఒక దళిత బాలిక ప్రాణాలు తీసుకుంది. ఇంట్లో టీవీ పనిచేయదు. స్మార్ట్ ఫోను లేదు. తండ్రి దినకూలీ. బాగా చదివే పిల్ల. అంతటి ఏర్పాట్లున్న రాష్ట్రంలోనూ చివరి గడపకు అందలేదంటే, మన దగ్గర ఎందరు పిల్లలు చప్పుడు లేకుండా చదువుకు దూరమయ్యారో ఊహించుకోండి. కరోనా రెండేళ్లలో బడి మానేసి మెకానిక్ షెడ్డులోనో, బట్టల దుకాణంలోనో చేరి మళ్లీ తిరిగి రాని మగపిల్లలు, పెళ్లి చేసి పంపిన ఆడపిల్లలు మీ వీధిలోనూ ఉన్నారు, నా వీధిలోనూ ఉన్నారు. సాంకేతికత అందరికీ అందకపోతే అది ఉన్నవాడిని ఇంకా ముందుకు, లేనివాడిని ఇంకా వెనక్కు నెడుతుంది.

ఇప్పుడు మన సముదాయానికి ప్రత్యేకమైన మూడు సమస్యలు చెబుతాను.

మొదటిది భాష. గోడకు తెర బిగించారు. అందులోని పాఠం ఏ భాషలో ఉంది? ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఉర్దూను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్రమంతటా ద్వితీయ అధికార భాషగా గుర్తించాయి. ఈ గుర్తింపు బోర్డుల మీది అక్షరాలకే పరిమితం కారాదు. ఉర్దూ మాధ్యమ బడిలోని తెర మీద ఉర్దూ పాఠం రావాలి. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తన పాఠ్యపుస్తకాలను ఉర్దూలో కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతోంది. ఉర్దూ లిపి కోసం నస్తాలీఖ్ ఫాంట్లు, కీబోర్డులు ఫోన్లలో ఉచితంగా వస్తున్నాయి. సాంకేతికంగా కష్టం లేదు, అడిగేవారు లేరు. మరో మాట. ఉర్దూ మాధ్యమంలో రిజర్వుడు పోస్టులకు ఉర్దూ తెలిసిన అభ్యర్థులు దొరకక ఖాళీలు ఏళ్ల తరబడి మిగిలిపోతున్నాయి. తెర ఉంది కదా, టీచరు ఎందుకు అనే వాదన ఎవరైనా తెస్తే మనం ఒప్పుకోరాదు. తెర టీచరుకు తోడు మాత్రమే.

రెండోది ఆడపిల్లలు. ఈ మాట కొంచెం కటువుగా ఉంటుంది, పెద్దలు మన్నించాలి. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది ఎవరి చేతికి పోతుంది? కొడుకు చేతికి. కూతురు అడిగితే 'నీకెందుకు?' అంటాం. భయం ఉంది, కాదనను. కాని భయానికి మందు నిషేధం కాదు. 2019లో కేరళ హైకోర్టు ముందుకు ఫహీమా షిరీన్ అనే డిగ్రీ విద్యార్థిని కేసు వచ్చింది. హాస్టలులో సాయంత్రం చదువుకునే సమయంలో ఫోను వాడరాదన్న నిబంధనను ఆమె పాటించనందుకు హాస్టలు నుంచి బయటికి పంపారు. ఆమె కోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్‌ను అందుకోవడం విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని న్యాయస్థానం చెప్పి ఆమెను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. ఒక ముస్లిం ఆడబిడ్డ దేశంలోని ఆడపిల్లలందరి కోసం సాధించిన తీర్పు అది. అటువంటి బిడ్డను చూసి గర్వపడే మనం, మన ఇంటి బిడ్డకు రోజుకు ఒక గంట ఫోను ఇవ్వడానికి ఎందుకు వెనుకాడాలి? ఇంట్లో అందరి ముందు, నడిమి గదిలో, వేళ పెట్టి ఇవ్వండి. కొడుకుకూ అదే నియమం పెట్టండి. నిఘా కూతురి మీద, స్వేచ్ఛ కొడుకు మీద అయితే చెడేది ఇద్దరూ.

మూడోది సమాచార రక్షణ. బడిలో పిల్లల పేరు, ఫొటో, ఆధార్, మతం, కులం, హాజరు అన్నీ ఇప్పుడు యాప్‌లలోకి వెళుతున్నాయి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఏ యాప్, ఎవరిది, వివరాలు ఎక్కడ ఉంటాయి అని అడగడం మన బాధ్యత. ప్రైవేటు సంస్థల మీద ఆధారపడటంలోని ప్రమాదం కూడా మనం చూశాం. ఆంధ్రప్రదేశ్ ట్యాబ్‌లలో పాఠాలు ఇచ్చిన బైజూస్ సంస్థ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. పిల్లల చదువు ఒక కంపెనీ లాభనష్టాల మీద వేలాడరాదు. అందుకే ప్రభుత్వ వేదికలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మేలు.

ఇక తెర ఎందుకు వాడుకలో లేకుండా పడి ఉంటుంది? నేను వెళ్లిన ఒక బడిలో, పేరు చెప్పను, కొత్త తెర మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఎందుకమ్మా అని హెడ్ మిస్ట్రెస్‌ను అడిగితే ఆమె నిజం చెప్పింది: 'సార్, పిల్లలు ముట్టుకుని పగిలితే నా జీతంలోంచి రికవరీ చేస్తారు.' నేను గుమస్తాను, ఆ భయం నాకు బాగా తెలుసు. స్టాకు రిజిస్టరులో వస్తువు పేరు పక్కన సంతకం చేసినవాడికి అది తరగతి గదిలో కన్నా తాళం వేసిన బీరువాలో ఉంటేనే నిద్ర పడుతుంది. కాబట్టి ఉపాధ్యాయులను నిందించి లాభం లేదు. తరుగుదల, మరమ్మతు, వారంటీ ఎవరి బాధ్యత అన్నది లిఖితపూర్వకంగా తేల్చమని అడగాలి. పాఠం చెబుతుండగా చెడిన వస్తువుకు టీచరును బాధ్యురాలిని చేయరాదని తల్లిదండ్రులే కోరాలి. అప్పుడు దుప్పటి దానంతటదే తొలగుతుంది.

అడిగే అధికారం మనకుందా? ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే అయి ఉండాలంది. సగం మంది మహిళలు ఉండాలంది. బలహీన వర్గాల తల్లిదండ్రులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలంది. బడి పనితీరును, నిధుల వినియోగాన్ని గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ పనులు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. ఎన్నిక రోజున మనం హాజరు కాము, తర్వాత మనవాళ్లు లేరంటాం. ఇది మారాలి.

నేను చేయమని కోరేవి కొద్దిపాటి పనులే. వచ్చే నెలలో ప్రతి బడికి ఇద్దరు తల్లులు, ఒక తండ్రి కలిసి వెళ్లండి. అయిదు విషయాలు అడిగి రాసుకోండి. తెర, ట్యాబ్, కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి? వారానికి ఎన్ని పీరియడ్లు వాడుతున్నారు? ఉర్దూ పాఠాలు అందులో ఉన్నాయా? ఇంటర్నెట్, కరెంటు లేనప్పుడు ఏం చేస్తున్నారు? పిల్లలే వాడే అవకాశం ఉందా? జవాబు నోటితో రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. అర్జీ ఒక్క పేజీలో రాయండి, ఒక అర్జీలో ఒకే విషయం అడగండి, రసీదు తీసుకోకుండా కార్యాలయం గడప దిగకండి. ముప్పై ఏళ్లకు పైగా బల్లకు అవతలి వైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, రసీదు ఉన్న కాగితానికే విలువ.

ఇంకొకటి మనమే చేసుకోగలిగింది. ప్రతి మొహల్లాలో సాయంత్రం ఖాళీగా ఉండే ఒక గది ఉంటుంది. అది షాదీఖానా కావచ్చు, కమ్యూనిటీ హాలు కావచ్చు. రెండు పాత ల్యాప్‌టాపులు చాలు. ఇంటర్నెట్ లేకపోయినా పాఠాలు నడిచే కొలిబ్రి వంటి ఉచిత సాఫ్ట్‌వేరును ఒకసారి ఎక్కిస్తే ఏడాది పొడవునా ఉపయోగపడుతుంది. రిటైరైన టీచర్లు, ఇంజినీరింగు చదివే మన పిల్లలు వారానికి రెండు సాయంత్రాలు ఇస్తే చాలు. ఆడపిల్లలకు వేరే వేళ, పెద్ద వయసు స్త్రీ ఒకరు తోడుగా ఉండేట్టు చూస్తే తల్లిదండ్రులకు బెంగ ఉండదు. హిందూ, ముస్లిం, క్రైస్తవ తేడా లేకుండా వీధిలోని పిల్లలందరినీ రానివ్వండి. చదువులో కలిసి కూర్చున్న పిల్లలు పెద్దయ్యాక ఒకరిని చూసి ఒకరు భయపడరు.

తల్లులకు చివరిగా ఒక విన్నపం. మాకు ఇవేవీ తెలియవు అని మీరు అనుకోవద్దు. తెరలో ఏముందో తెలియకపోయినా, మీ బిడ్డ ఇంటికి వచ్చాక ఒక ప్రశ్న వేయండి: 'ఈ రోజు బడిలో నువ్వేం చేశావు?' ఏం విన్నావు అని కాదు, ఏం చేశావు అని. వారం రోజులు అడగండి. చూశాను, కూర్చున్నాను అనే జవాబే వస్తే కాగితం తీసుకుని నా దగ్గరికి రండి. అర్జీ నేను రాసిపెడతాను, సంతకం మీరు చేయండి.

అల్లాహ్ మన పిల్లలకు జ్ఞానాన్ని, మనకు అడిగే ధైర్యాన్ని ప్రసాదించుగాక.